ఛాసిస్ చుట్టరికం

బండి ఎట్టాంటిదో తెలుసుకోవాలంటే చాలామంది దాని చుట్టూ తిరుగుతారు, రంగు చూస్తారు, లోపల కూర్చుని సీటు నొక్కి చూస్తారు. నేను ముందు కింద దూరతాను. మద్రాసులో పని నేర్చుకున్న నాటి నుంచీ ఇదే అలవాటు. ఇప్పుడు మా షెడ్డు కొనకనమిట్లలో, పొదిలి నుంచి మార్కాపురం పోయే రోడ్డు పక్కన ఉంది. షెడ్డు ముందు ఆగే బండ్లలో ఎక్కువ భాగం పికప్‌లే. పొదిలి వేలం కేంద్రానికి పొగాకు బేళ్లు తీసుకుపోయేవి, గుంటూరు యార్డుకు మిరపకాయలు మోసేవి, సంతకు గొర్రెల్ని చేర్చేవి, ఎండాకాలం వస్తే నీళ్ల డ్రమ్ములు ఎత్తుకుని ఊరూరా తిరిగేవి. ఈ పడమటి మెట్ట ప్రాంతంలో పికప్ లేనిదే పూట గడవదు.

నేను పని నేర్చుకున్నది మాత్రం వీటి మీద కాదు. చిన్న కార్ల మీద, అందులోనూ కొన్నాళ్లు ఒక స్పోర్ట్స్ కారు మీద. 1962లో ఇంగ్లండులో విడుదలైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అది. రెండే సీట్లు, గుడ్డ టాపు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన యుద్ధ విమానం పేరు పెట్టారు. ఈ మధ్య శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. దాని కింద దూరి లైటు వేసి చూస్తుంటే ఎప్పుడో మద్రాసులో చూసిన వరసే మళ్లీ కనపడింది. అప్పటి నుంచి ఈ సంగతి నలుగురికీ చెప్పాలని ఉంది. మనం ఆటబొమ్మ అనుకునే పాత స్పోర్ట్స్ కారూ, మోటు బండి అనుకునే ఇప్పటి పికప్పూ దగ్గరి చుట్టాలు. ఇంటి ముందు నిలబడ్డ స్విఫ్ట్ కారుకు ఈ రెండింటిలో దేనితోనూ అంత చుట్టరికం లేదు.

ఎట్టాగంటే, ఇప్పటి చిన్న కార్లలో ఛాసిస్ అని వేరుగా ఉండదు. రేకులన్నీ వెల్డింగ్ చేసి పెట్టెలాగా కడతారు, ఆ పెట్టే బరువంతా మోస్తుంది. ఇంజన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. స్పిట్‌ఫైర్ అట్టా కాదు. కింద ఇనుప ఛాసిస్ వేరు, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ వేరు. ఇంజన్ ముందు, నిలువుగా. దాని వెనక గేర్ బాక్సు, అక్కడి నుంచి పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు, చివర డిఫరెన్షియల్. తిరిగేవి వెనక చక్రాలు. ముందు పక్క ఒక్కో చక్రానికి రెండేసి విష్‌బోన్లు, మధ్యలో కాయిల్ స్ప్రింగు. వెనక పక్క కమాను కట్ట. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. ఇక డీ-మ్యాక్స్ చూడండి. వేరు ఛాసిస్, నిలువు ఇంజన్, ప్రొపెల్లర్ షాఫ్టు, ముందు డబుల్ విష్‌బోన్లు, కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వి-క్రాస్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి ముందు చక్రాలకు కూడా షాఫ్టులు పోతాయి. అదీ, వెనక యాక్సిలూ తప్ప పెద్ద తేడా లేదు. అరవై ఏళ్లలో లోకం ఎంతో మారింది కానీ కింద పడుకుని చూసేవాడికి ఆ ఎముకల వరస మారలేదు.

స్పిట్‌ఫైర్‌కు ఈ ఛాసిస్ ఎట్టా వచ్చిందో చెప్పాలంటే హెరాల్డ్ కథ చెప్పాలి. అది సగం మద్రాసు కథ. యాభై ఏళ్లు దాటినవాళ్లకు స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుండే ఉంటుంది. డాక్టర్ల కారు, లాయర్ల కారు. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే కంపెనీ 1961 నుంచి మద్రాసులో తయారుచేసింది. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్, 1959లో వచ్చింది. గీసినవాడు ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన జొవాన్ని మికెలోట్టి. అప్పటికే మిగతా కంపెనీలు పెట్టె బాడీల వైపు పోతున్నాయి. ట్రయంఫ్‌కు బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. మొత్తం బాడీ ఒక్కచోట చేసిచ్చే దారి మూసుకుపోయింది. అందుకని ఇనుప ఛాసిస్ ఒకటి వేసి, బాడీని ముక్కలుగా చేయించి, బోల్టులతో బిగించుకున్నారు. ఇబ్బందిలో చేసిన ఆ పనే వాళ్లకు వరమైంది. పైన బాడీ మారిస్తే కొత్త బండి. ఛాసిస్‌ను పొట్టి చేసి, తేలిక చేసి, పైన రెండు సీట్ల బాడీ పెట్టారు, స్పిట్‌ఫైర్ అయింది. ఇక్కడ మద్రాసులో అదే హెరాల్డ్‌కు నాలుగు తలుపులు పెట్టారు. ఇంగ్లండు హెరాల్డ్‌కు రెండు తలుపులే. పెద్దవాళ్లూ చీరలు కట్టుకున్న ఆడవాళ్లూ వెనక సీట్లోకి ఎక్కాలంటే రెండు తలుపులు చాలవని మనవాళ్లకు తెలుసు.

శ్రీసిటీలో ఇప్పుడు జరుగుతున్నదీ ఇదే. ఒకే ఛాసిస్ మీద సింగిల్ క్యాబ్ పెడితే సరుకు బండి, డబుల్ క్యాబ్ పెడితే వి-క్రాస్, పూర్తి బాడీ పెడితే ఎంయూ-ఎక్స్ అనే ఏడు సీట్ల బండి. విడి ఛాసిస్‌కున్న బలం ఇదే. దాని మీద ఏ బాడీ పెట్టినా మోస్తుంది.

లెక్కలు కూడా చూడాల్సిందే. మొదటి స్పిట్‌ఫైర్ ఇంజన్ 1,147 సీసీ, 63 హార్స్‌పవర్. బండి బరువు 711 కిలోలు. వి-క్రాస్‌లో 1.9 లీటర్ల డీజిల్ టర్బో ఇంజన్, 163 హార్స్‌పవర్. బరువు రెండు టన్నులకు కాస్త అటూ ఇటూ. పొడవు 5.3 మీటర్లు. స్పిట్‌ఫైర్ పొడవు 3.7 మీటర్ల లోపే. ఎత్తు చూస్తే స్పిట్‌ఫైర్ 1.2 మీటర్లు, అంటే దాని పక్కన నిలబడితే టాపు మీద మోచెయ్యి ఆనుతుంది. వి-క్రాస్ టాపు నా తల కంటే ఎత్తు.

ఇప్పుడు పవర్‌ను బరువుతో భాగించి చూడండి. స్పిట్‌ఫైర్‌కు టన్నుకు 89 హార్స్‌పవర్ దాకా వస్తుంది. వి-క్రాస్‌కు 80 పైచిలుకు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను మళ్లీ మళ్లీ వేసి చూసుకున్నాను. వంద హార్స్‌పవర్ ఎక్కువున్న బండి, ఆ వందనూ తన ఒళ్లు మోసుకోవడానికే ఖర్చు పెట్టుకుంటోంది. దాని అర్థం పికప్ నిదానం అని కాదు. స్పిట్‌ఫైర్ సున్నా నుంచి గంటకు వంద కిలోమీటర్ల దరిదాపులకు చేరడానికి ఆ రోజుల్లో పదిహేడు సెకన్ల దాకా పట్టేది, టాప్ స్పీడు 148 కిలోమీటర్లు. వి-క్రాస్ అంతకంటే తొందరగానే వంద అందుకుంటుంది. కారణం టార్క్. స్పిట్‌ఫైర్ ఇంజన్‌ను 3,500 ఆర్‌పీఎం దాకా లేపితే 91 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. టర్బో డీజిల్ 2,000 దగ్గరే 360 ఇస్తుంది. నాలుగింతలు. బరువు మీదున్న బండి గట్టు ఎక్కాలంటే కావలసింది తక్కువ ఆర్‌పీఎంలోనే అందే ఈ టార్కే.

అయితే మలుపులో సంగతి వేరు. హెరాల్డ్ ముందు చక్రాలు ఎంత తిరిగేవంటే, ఏడున్నర మీటర్ల వెడల్పున్న రోడ్డులో రివర్సు వెయ్యకుండా బండి మొత్తం తిప్పుకోవచ్చు. స్పిట్‌ఫైర్ అంతకంటే తక్కువలో తిరిగేది. డీ-మ్యాక్స్‌కు పన్నెండు మీటర్లకు పైనే కావాలి. మా ఊరి సందుల్లో దాన్ని తిప్పాలంటే ముందుకూ వెనక్కూ ఊగిసలాడాల్సిందే.

స్పిట్‌ఫైర్ మా మద్రాసు షెడ్డుకు వచ్చిన రోజులు చెప్పుకోవాలి. టి. నగర్ అవతల ఉండేది మా మేస్త్రీ షెడ్డు. ఎవరో కాన్సులేట్ అధికారి దేశం వదిలిపోతూ అమ్మిపోయిన బండి అని చెప్పుకునేవాళ్లు. ఎర్ర రంగు వెలిసిపోయి ఇటుక రంగుకు తిరిగింది. నాకు బాగా నచ్చింది దాని బోనెట్. బోనెట్ అంటే ఇప్పటి కార్లకున్నట్టు మూత కాదు. మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగం మొత్తం ముందుకు వాలేది. ఇంజన్, స్టీరింగు, ముందు చక్రాలు అన్నీ బయటపడేవి. మేస్త్రీ ముందు టైరు మీద కూర్చుని, ఒళ్లో పానాలు పెట్టుకుని పని చేసేవాడు. మెకానిక్ నడుము వంచకుండా కూర్చుని పని చేసుకునేలా గీసిన బండి అది.

దానికి రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజన్ నున్నగా నడుస్తుంది. మా మేస్త్రీ దగ్గర మూరెడు రబ్బరు గొట్టం ఉండేది. ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఒక కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టేవాడు. గాలి పోయే చప్పుడు, స్.. అని. తరవాత రెండో దాని దగ్గర. చప్పుడు ఎక్కువగా ఉన్నదాని స్క్రూ ఒక పిసరు వదిలేవాడు. మళ్లీ చెవి. మళ్లీ స్క్రూ. రెండు చప్పుళ్లూ ఒకటయ్యాక లోపలి పిస్టన్‌ను పిన్నుతో రవ్వంత పైకెత్తేవాడు. ఇంజన్ స్పీడు పెరిగి అట్టాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. ఆగిపోబోతే తక్కువ పోతున్నట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. కార్బొరేటర్ పైన చిన్న మూత తీసి లోపల పలచటి ఆయిలు ఉందో లేదో చూసి, రెండు చుక్కలు పోసి మూసేవాడు. అంతసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. "చెవితో చూడరా" అనేవాడు నాతో. చేతి పనిలో ఆ మాట నాకు ఇప్పటికీ వేదమే.

డీ-మ్యాక్స్‌కు చెవితో పనిలేదు. స్కానర్ తగిలిస్తే ఏ సెన్సరు ఏమంటున్నదో తెర మీద వస్తుంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడే మేస్త్రీలు ఉన్నారు, నేను వాళ్లలో కలవను. ఇంజెక్టరులోకి డీజిల్ ఏ ఒత్తిడితో పోతున్నదో మనిషి చెవికి తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగను వడగట్టే డీపీఎఫ్ ఉంటుంది. అందులో చేరిన మసిని బండి తనంతట తానే వేడి పెంచి కాల్చుకుంటుంది. దానికి కొంతసేపు ఆగకుండా మంచి స్పీడులో పోవాలి. ఊళ్లో నుంచి చేనుకు, చేను నుంచి ఊళ్లోకి తిరిగే బండికి ఆ అవకాశం రాదు. మసి పేరుకుని లైటు వెలుగుతుంది. అట్టాంటప్పుడు పొదిలి దాటి కాసేపు రోడ్డు మీద ఒకే స్పీడులో నడిపి రమ్మని పంపుతాను. చాలాసార్లు అదే వైద్యం. పాత బండి గుట్టు చేత్తో తడిమితే తెలిసేది, కొత్త బండి గుట్టు కంపెనీ పుస్తకం చదివితే తెలుస్తుంది. మా షెడ్డులో పనికి చేరే పిల్లలకు రెండూ నేర్పాలనేదే నా పట్టుదల.

ఈ చుట్టాలిద్దరికీ జబ్బు కూడా ఒకచోటే, వెనక చక్రాల దగ్గర. ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి, ప్రాణాలతో ముడిపడిన సంగతి.

స్పిట్‌ఫైర్ వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉండేవి. డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కు కదలకుండా బిగించారు. దాని రెండు పక్కలా ఒక్కో షాఫ్టు, లోపలి చివర ఒక్కో క్రాస్ జాయింటు. చక్రం పైకీ కిందికీ కదిలితే ఆ జాయింటు దగ్గర మడత పడి, తలుపు రెక్కలాగా తిరుగుతుంది. మామూలు రోడ్డు మీద బాగుంటుంది, ఒక చక్రం గుంటలో పడితే రెండోదానికి తెలియదు. కానీ మలుపులో స్పీడుగా పోతూ డ్రైవర్ భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి ఒక్కసారిగా కాలు తీశాడనుకోండి. బరువు ముందుకు పడి వెనక భాగం లేస్తుంది. లేవగానే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. టైరు పూర్తిగా ఆనకుండా అంచు మీద నిలబడుతుంది. పట్టు పోయి వెనక పక్క బయటికి జారుతుంది. తప్పించుకుందామని కాలు తీయడమే ప్రమాదం తెచ్చేది. 1970 చివర్లో వచ్చిన మార్క్ ఫోర్‌లో దీనికి మందు వేశారు. అడ్డంగా ఉన్న కమాను కట్టలో పట్టీలన్నిటినీ గట్టిగా బిగించకుండా, మధ్యలో ఊగేలా వదిలారు. మద్రాసు కంపెనీ ఇంకా సూటిగా పోయింది. 1972లో హెరాల్డ్ స్థానంలో తెచ్చిన గెజెల్‌కు స్వింగ్ యాక్సిల్ తీసేసి మామూలు యాక్సిల్ పెట్టింది. మన మెకానిక్‌లకు అలవాటైనది అదే.

పికప్‌కు ఆ మామూలు యాక్సిలే ఉంటుంది, దాని కష్టం దానిది. వెనక కమాను కట్టలను టన్ను, టన్నున్నర బరువు మోసేలా చేస్తారు. ఇప్పటి బొలెరో పికప్‌లలో రకాన్ని బట్టి 1.3 నుంచి 2 టన్నుల దాకా మోసేవి ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ కట్ట వంగనే వంగదు. గుంట వస్తే యాక్సిల్ మొత్తం ఎగిరి పడుతుంది, ఎగిరినంతసేపు టైరుకు నేల లేదు. సరుకు దించేసి వాన చినుకుల్లో ఖాళీ బండి వేసుకుని వచ్చేటప్పుడు వెనక పక్క జారడం అందుకే. లోడుతో నిదానంగా వచ్చినవాడే ఖాళీ బండిని తొందరగా తోలతాడు, అక్కడే ముప్పు.

లోడు ఎక్కువైతే ఇంకో రకం ముప్పు. ఈ మధ్య ఒక కుర్ర డ్రైవర్ వచ్చాడు.

"బాబాయ్, వెనక కట్టలకు ఇంకో పట్టీ ఎయ్యి. మిరపకాయలు పోతన్నాయి గుంటూరుకు."

"లోడెంత రా?"

"రెండున్నర టన్నులు. నువ్వు పట్టీ ఎయ్యి, బండి లాగిద్దిలే."

"లాగిద్ది. ఆగిద్దా?"

వాడు మాట్లాడలేదు. కిందకు రమ్మని లైటు వేసి చూపించాను. చాలా సరుకు బండ్లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక చిన్న వాల్వుకు కడ్డీ ఒకటి ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి ఇవ్వమని వాల్వుకు చెబుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ ఇస్తుంది, వెనక చక్రాలు పట్టేసి జారకుండా. మనం ఇంకో పట్టీ వేసి కట్ట వంగకుండా చేస్తే ఛాసిస్ దిగదు. ఛాసిస్ దిగకపోతే కడ్డీ కదలదు. బండి మీద రెండున్నర టన్నులున్నా, ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకులకు తక్కువే ఇస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. దిగుడులో అవి కాలిపోతే ఇక దేవుడే దిక్కు. ఆ పట్టీ నేను వెయ్యలేదు. రెండు ట్రిప్పులు వేసుకో నాయనా అని పంపించాను.

అంతకంటే నా మనసుకు కష్టం కలిగించేది ఇంకోటుంది. కోతల కాలంలో, మిరప ఏరే రోజుల్లో, తెల్లారుజామున పికప్ వెనక కూలీలను నిలబెట్టి తీసుకుపోతారు. ఎక్కువమంది ఆడవాళ్లు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని మోటారు వాహనాల చట్టం చెబుతూనే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టి బండి సంగతి చూడండి. పాతికమంది అంటే టన్నున్నర, పికప్‌కు మోయలేని బరువేమీ కాదు. కానీ బియ్యం మూటల బరువు తొట్టి అడుగున పడి ఉంటుంది, కదలదు. నిలబడ్డ మనుషుల బరువు తొట్టికి మీటరు ఎత్తున ఉంటుంది, పైగా మలుపు వస్తే అందరూ ఒకే పక్కకు తూలతారు. స్పిట్‌ఫైర్‌ను గీసినవాళ్లు డ్రైవర్ కూర్చునే చోటును నేలకు జానెడు ఎత్తులోకి దించింది బరువు కిందికి ఉంటే బండి పల్టీ కొట్టదనే. మనం అదే సూత్రాన్ని తలకిందులు చేసి, ఇరవై ఏళ్ల కుర్రాడి చేతికి స్టీరింగు ఇస్తున్నాం. రైతులకు నా మనవి ఒక్కటే. కూలీలకు ఆటోలు పెట్టండి, బస్సు మాట్లాడండి. ఖర్చు ఎక్కువైనా సరే.

మద్రాసులో ఉండగా మేస్త్రీ మమ్మల్ని షోలవరం తీసుకుపోయేవాడు. ఊరికి ఉత్తరాన, కలకత్తా రోడ్డు మీద. యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ కారు పందేలు పెట్టేది. తాటిచెట్లు, ఎండ, దుమ్ము, రబ్బరు కాలిన వాసన. ఫియట్లు, హెరాల్డులు సీట్లు పీకేసి, బంపర్లు తీసేసి పరిగెత్తేవి. ఏం పెడితే బండి స్పీడు పెరుగుతుందా అని నేను ఆలోచిస్తుంటే, ఏం తీసేస్తే పెరుగుతుందో చూడమనేవాడు మేస్త్రీ. 1990లో క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుంది. షోలవరంలో ఆ సందడి పోయింది.

అదే రోడ్డు మీద ఇంకాస్త ఉత్తరానికి వచ్చి రాష్ట్రం సరిహద్దు దాటితే తడ. అక్కడికి దగ్గర్లో శ్రీసిటీ. ఇసుజు కంపెనీ 2016 ఏప్రిల్‌లో అక్కడ ఫ్యాక్టరీ తెరిచింది, ఏడాదికి 50 వేల బండ్లు చేసే సత్తాతో. 2020లో ఇంజన్ ఫ్యాక్టరీ కూడా తోడైంది. తేలిక బండ్ల పందేలు జరిగిన రోడ్డు పక్కనే బరువు మోసే బండ్లు పుడుతున్నాయి, అదీ మన గడ్డ మీద.

ఇసుజు పేరు వింటే మా తరం మెకానిక్‌లకు ముందు గుర్తొచ్చేది కాంటెస్సా. 1980లలో హిందుస్తాన్ మోటార్స్ ఆ కారుకు ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్ పెట్టాక దాని నడకే మారిపోయింది. తరవాత అంబాసిడర్‌కు కూడా అదే ఇంజన్ వచ్చింది. ఈ కంపెనీ ఒకప్పుడు స్పోర్ట్స్ కూపేలు కూడా చేసిందని మాత్రం తక్కువమందికి తెలుసు. 1968లో వచ్చిన ఇసుజు 117 కూపే ఎంత అందమైన కారో ఫొటో చూస్తే తెలుస్తుంది. గీసింది ఇటలీకి చెందిన జొర్జెత్తో జుజారో. మొదట్లో ఎక్కువ భాగం చేత్తోనే తయారుచేసేవాళ్లు. 1990లలో ఇసుజు కార్లు మానేసి లారీలూ పికప్‌ల వైపే నిలబడింది. అయినా అట్టాంటి కూపే చేసిన కంపెనీది కాబట్టి డీ-మ్యాక్స్‌ను మోటు బండి అంటే నేను ఒప్పుకోను.

పికప్ మనకు కొత్త కావచ్చు కానీ ప్రపంచానికి పాతదే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1925లోనే మోడల్ టీ కారుకు వెనక తొట్టి పెట్టి ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. ఆ దేశానికి అది జాతీయ వాహనం అయిపోవడం వెనక ఒక వింత తగువు కూడా ఉంది. యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచాయని, అమెరికా 1964లో విదేశీ ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. అది ఇప్పటికీ పోలేదు. స్పోర్ట్స్ కార్ల మీద అంత సుంకం లేదు కాబట్టి ఇంగ్లండు నుంచి స్పిట్‌ఫైర్లు ఓడల్లో అక్కడికి పోతూనే ఉండేవి. ట్రక్కులు మాత్రం ఎక్కువగా సొంత కంపెనీలవే మిగిలాయి. మా బావమరిది కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఆఫీసులో సగంమంది పికప్‌లలోనే వస్తారట, తొట్టిలో ఎప్పుడూ ఏమీ ఉండదట. "అంత బండి ఎందుకు మామా వీళ్లకు?" అని ఫోన్‌లో అడిగాడు. ఆ గాలి ఇప్పుడు మన పట్నాలకూ తగిలింది. లక్షలు పోసి వి-క్రాస్ కొని, తొట్టికి మూత బిగించి, ఒక్క మూట కూడా ఎత్తనివాళ్లు కనపడుతున్నారు. ఎవరి డబ్బు వాళ్లిష్టం. కానీ ఖాళీ తొట్టితో తిరిగే పికప్ రెండు రకాలా నష్టం. కట్టలు వంగవు కాబట్టి ప్రయాణం సుఖం కాదు, రెండు టన్నుల ఇనుము తిప్పడానికి డీజిల్ కాలుతుంది. తోలడంలో ఆనందం కావాలంటే తేలిక బండి తోలాలి. పికప్ ఆనందం మోయడంలో ఉంది.

ఈ పోలిక చదివి ఎవరికైనా తాతల నాటి హెరాల్డ్ గుర్తొస్తే, అది ఏ కొట్టంలోనో టైర్లు గాలి పోయి కూర్చుని ఉంటే, పాత ఇనుముకు వెయ్యకండి. ముందు కింద దూరి ఛాసిస్ చూడండి. బాడీ రేకులు తుప్పు పట్టినా పరవాలేదు, బోల్టులు విప్పి కొత్తవి కట్టించుకోవచ్చు. ఛాసిస్ పక్కలకు బయటికి వచ్చే చేతులుంటాయి, తుప్పు అక్కడ మొదలవుతుంది. సుత్తితో మెల్లగా కొట్టి చూస్తే గట్టి ఇనుము కంగుమంటుంది, తిన్న ఇనుము డబ్బుమంటుంది. ఛాసిస్ గట్టిగా ఉంటే బండి బతికినట్టే.

కాగితాలకూ దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021లో పాత వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తరవాత మళ్లీ చేయించడానికి 5 వేలు. రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకుపోవచ్చు. మద్రాసులో హెరాల్డ్ తయారీ 1971లోనే ఆగిపోయింది కాబట్టి ఇక్కడ మిగిలిన ప్రతి హెరాల్డూ వయసు లెక్కన ఈ నిబంధన కిందికి వస్తుంది. నడవని స్థితిలో ఉన్నదాన్ని తాడు కట్టి ఈడ్చుకురాకండి, స్టీరింగు బిగుసుకుపోయి ఉంటుంది. తొట్టి పొడుగున్న పికప్ ఒకటి మాట్లాడుకోండి. 800 కిలోల బండిని అది సుఖంగా మోస్తుంది.